బస్సు దిగి నడిచిన దారులు

సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయంటే మా హాస్టల్లో సందడి మొదలవుతుంది. బ్యాగులు సర్దుకునేవాళ్లు, ఊరికి ఫోన్లు చేసేవాళ్లు, చెల్లెలికి గాజులు కొనడానికి బజారుకు పోయేవాళ్లు. ఆ నాలుగు రోజులూ "మీరెప్పుడు పోతున్నారు?" అని ఎవరూ అడగకుండా ఉంటే బాగుండునని మేము ముగ్గురం అనుకుంటాం. ఎందుకంటే పండగ నాటికి మా ముగ్గురి ఇళ్లకూ తాళాలు వేసి ఉంటాయి.

మా అమ్మానాయనలు సుగ్గికి పోతారు. డోన్, పత్తికొండ, ఆలూరు వైపు పల్లెల వాళ్లకు ఈ మాట వివరించనక్కర లేదు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాం. మా వైపు వానను నమ్ముకున్న సేద్యం. వేరుశనగ, కంది, ఆముదం, పత్తి వచ్చినా రాకపోయినా డిసెంబరు దాటితే ఊళ్లో పని ఉండదు. అప్పుడే గుంటూరు వైపు మిరప కోతలు మొదలవుతాయి. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. గిన్నెలు, బియ్యం, దుప్పట్లు మూటగట్టుకుని ఇంటిల్లిపాదీ బండెక్కుతారు. మళ్లీ ఉగాదికో, ఆ తర్వాతో రావడం. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వీధికుక్కలు. మేము హాస్టల్లో సీటు దొరకబట్టి చదువులో మిగిలాం.

మా వార్డెన్ సారు ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మాకు కథలు, కవితలు రావని చెప్పాం. "మీరు తిరిగిన ఊళ్ల గురించి రాయండి, తమ్ముళ్లకు పనికొస్తుంది" అన్నారు. అందుకని 2025 సంక్రాంతికి మేము పోయి వచ్చిన దారుల గురించి రాస్తున్నాం.

మాకు నడక అలవాటు మొదటి ఏడాదిలోనే పడింది. ఆదివారాలు హాస్టల్లో పొద్దు పోదు. సినిమాకు డబ్బులుండవు. అందుకని పల్లెవెలుగు బస్సెక్కి, ఎక్కడో ఒకచోట దిగి, నడిచి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. అలా ఒకసారి గుత్తి పోయి, అక్కడినుంచి పత్తికొండ బస్సెక్కి ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు చూశాం. రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన అక్షరాలు మన పక్కనే బండల మీద ఉన్నాయని పాఠంలో చదివినప్పుడు నమ్మకం కలగలేదు. వేలు పెట్టి చూపించుకున్నాక కలిగింది. ఇంకోసారి తొలకరికి జొన్నగిరి పోతే, వజ్రాలు దొరుకుతాయని చేలల్లో తలలు వంచుకుని తిరిగే జనాన్ని చూశాం. మేమూ ఒక పూట వెతికాం. చెప్పులు తెగడం తప్ప ఏమీ దొరకలేదు.

ఇవన్నీ ఎర్రనేల, రాళ్లు, ముళ్లకంపల దారులు. నీళ్ల పక్కన నడవడం ఎట్లుంటుందో మాకు తెలియదు. మాలో ఇద్దరు అప్పటివరకూ సముద్రం వైపు జిల్లాలే చూడలేదు.

మా హాస్టల్లో చదివిన ఒక అన్న ఇప్పుడు సూళ్లూరుపేటలో ఆర్టీసీ కండక్టరు. ఆయనదీ ప్యాపిలి వైపు పల్లె. ఆయన చదివే రోజుల్లో వాళ్ల ఇంటికీ సంక్రాంతికి తాళమే. డిసెంబరులో ఫోన్ చేసి, "పండగకు ఇక్కడికి రండిరా. నా గది ఉంది. పులికాట్ చూపిస్తా. నేను డ్యూటీలో ఉన్నా బస్సు టైములు రాసిస్తా, మీరే తిరగండి" అన్నాడు. మేము రెండు పెళ్లిళ్లలో వడ్డనకు పోయి చార్జీలు కూడబెట్టుకున్నాం.

జనవరి 11 సాయంత్రం బయల్దేరాం. మాలో ఒకడు తన సామానంతా తెచ్చుకున్నాడు. దుప్పటి, పుస్తకాలు, సర్టిఫికెట్ల ఫైలు కూడా. "మూడు రోజులకు ఇంత మూటెందుకురా?" అని ఎగతాళి చేశాం. వాడు ఏమీ అనలేదు. మేమూ అంతటితో వదిలేశాం.

డోన్ నుంచి బేతంచెర్ల మీదుగా నంద్యాల, నంద్యాలలో రాత్రి నెల్లూరు బస్సు. ఆళ్లగడ్డ, మైదుకూరు, బద్వేలు దాటాక నిద్ర పట్టేసింది. వెలికొండలు ఎప్పుడు దాటామో తెలియదు. తెల్లవారి కళ్లు తెరిచేసరికి కిటికీ బయట అంతా పచ్చగా ఉంది. మా దగ్గర జనవరి అంటే చేలు ఖాళీ. ఇక్కడ జనవరి అంటే వరి పచ్చగా ఊగే కాలం. మనకు వానలు నైరుతి రుతుపవనాలవి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు. నెల్లూరు తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఇది పదో తరగతి సాంఘికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్న. మాకు మాత్రం ఆ బస్సు కిటికీలోంచి అర్థమైంది.

నెల్లూరులో టిఫిన్ చేసి సూళ్లూరుపేట బస్సెక్కాం. గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రంలో దిగాం. అన్న రాసిచ్చిన మొదటి నడక అదే, దొరవారిసత్రం నుంచి నేలపట్టుకు. ఆటోలు ఉన్నాయి కానీ మేము నడిచాం. దారి చదునుగా ఉంది. ఎంత చూసినా ఒక్క గుట్ట లేదు. మా కళ్లకు ఎప్పుడూ ఎక్కడో ఒక కొండ అడ్డం ఉంటుంది. ఇక్కడ ఆకాశం నేల దాకా దిగివచ్చినట్టుంది. రోడ్డుకు రెండుపక్కలా వరి మళ్లు. వాటిని అక్కడ "కయ్యలు" అంటారు. మన వైపు కయ్యమంటే కొట్లాట. గట్టు మీద ఒక రైతును దారి అడిగితే, "ఆ కయ్యల పక్కన పోండి" అన్నాడు. మేము ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం.

నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రాన్ని 1976లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 458 హెక్టార్లు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మన డోన్ కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది కూడా అప్పుడే. టికెట్టు తీసుకుని, చిట్టడవిలో కాలిబాటన పోతే చెరువుకట్ట వస్తుంది. ముందు వాసన వచ్చింది. తర్వాత చప్పుడు. ఆ తర్వాత చెట్లు కనపడ్డాయి. నీళ్ల మధ్యలో నిలబడ్డ చెట్లు, కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా. అదంతా పక్షుల రెట్ట. ప్రతి కొమ్మ మీదా గూళ్లు.

వాటిని ఏం చెట్లంటారని అక్కడి వాచరును అడిగితే "కడప చెట్లు" అన్నాడు. మాకు మళ్లీ నవ్వు. కడప జిల్లా దాటి ఇంత దూరం వస్తే ఇక్కడా కడపేనా అని. నెలల తరబడి మొదలు నీళ్లలో మునిగి ఉన్నా ఆ చెట్టు చావదట. మిగతా చెట్లకు వేళ్లు కుళ్లిపోతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లులు, నక్కలు గూళ్ల దగ్గరికి రాలేవు. అందుకని పక్షులు వాటినే ఎంచుకుంటాయి.

గూళ్లలో ఎక్కువ ఉండేది గూడబాతులు. ఇంగ్లీషులో పెలికాన్ అంటారు. మన పల్లెల్లో కాలువలోంచి మడికి నీళ్లు చల్లే బుట్టను గూడ అంటారు కదా. దాని ముక్కు కింద వేలాడే సంచిని చూస్తే ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారనిపించింది. వాచ్‌టవర్ ఎక్కి చూశాం. పిల్ల తల మొత్తం తల్లి నోటి సంచిలో దూర్చి చేపలు తింటోంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా ఉన్నాయి. వాచరు ఒక్కొక్కటే చూపించి పేరు చెప్పాడు.

మేము తెలివిగా, "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి కదన్నా?" అని అడిగాం. పేపర్లలో అలాగే చదివాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బాతులు, ఉల్లంకి పిట్టలు కొన్ని బయటి దేశాల నుంచి వస్తాయి. గూడబాతులు మాత్రం మన దేశానివే. ఏ చెరువులో నీళ్లుంటే ఆ చెరువుకు పోతాయి. అక్టోబరులో ఇక్కడ వానలు పడి చెరువు నిండితే వచ్చి గూడు పెడతాయి. ఎండాకాలం ముందు పిల్లలు ఎగరడం నేర్చుకున్నాక పోతాయి. వానలు సరిగ్గా పడని ఏడు రావు, వచ్చినా కొద్దిగానే" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. గూడు ఇక్కడే పెట్టినా, తిండికి అవి పులికాట్ దాకా పోతాయట. తల్లి, తండ్రి వంతులు వేసుకుని పోయి, చేపలు సంచిలో నింపుకుని వచ్చి పిల్లల నోట్లో పెడతాయి. అప్పటిదాకా పిల్లలు గూట్లో ఎదురు చూడాల్సిందే.

ఆ మాట విన్నాక మేము కాసేపు మాట్లాడుకోలేదు. మూటంతా తెచ్చుకున్నవాడు అందరికంటే ఎక్కువసేపు టవర్ మీదే ఉండిపోయాడు. తన ఫోన్ అద్దం పగిలిపోయింది. దాంతోనే ఒక గూడును ఫొటో తీసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అదే రైతు మళ్లీ కలిశాడు. పక్షులు పంట పాడుచేయవా అని అడిగాం. చేయవని చెప్పి, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే కయ్యకు ఎరువు తక్కువ పడుతుందన్నాడు. ఆ ఊళ్ల వాళ్లు పక్షులకు హాని చేయరు, ఇంకొకరిని చేయనివ్వరు. ఇది దయ ఒక్కటే కాదు, లెక్క కూడా. అందుకే ఇన్నేళ్లు నిలిచిందేమో.

రెండో నడక మరుసటి రోజు, భోగి నాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. సరస్సు దాదాపు 460 చదరపు కిలోమీటర్లు. మన దేశంలో ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, మిగతాది తమిళనాడులో ఉంది. సూళ్లూరుపేట పక్కన పారే కాళంగి నది ఇందులోనే కలుస్తుంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య అడ్డంగా పడుకున్న దీవి శ్రీహరికోట.

అన్న చెప్పినట్టే బస్సెక్కి అటకానితిప్ప దగ్గర దిగాం. మన వైపు తిప్ప అంటే గుట్ట. ఇక్కడ గుట్ట ఎక్కడుందా అని వెతికాం. నీళ్లలో కాస్త పైకి లేచి ఉన్న నేలే తిప్ప అని తర్వాత తెలిసింది. అంత చదునైన చోట మనిషి ఎత్తు మెరక కూడా కొండే.

అక్కడినుంచి రోడ్డు పట్టుకుని వెనక్కి నడిచాం. రెండువైపులా నీళ్లు. అంత నీళ్లను మేము ఒకేచోట ఎప్పుడూ చూడలేదు. కానీ లోతు లేదు. చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు. జాలర్లు నీళ్లలో నడుచుకుంటూ పోయి వలలు వేస్తున్నారు. ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు సరస్సు చాలా దూరం ఎండి బీడులా అవుతుందట. సముద్రం నీళ్లు లోపలికి వచ్చే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం దానికి ఒక కారణమని, పూడిక తీయాలని జాలర్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారని అన్న చెప్పాడు. నీళ్ల గురించి అడుక్కోవడం మన సీమలోనే ఉందనుకున్నాం. నీళ్ల మధ్యలో బతికేవాళ్లకూ ఆ బాధ ఉందని అక్కడ తెలిసింది.

ఫ్లెమింగోల కోసం గంటసేపు చూశాం. ఒక్కటీ లేదు. అన్నకు ఫోన్ చేస్తే, "నీళ్లు ఎక్కువున్న చోట అవి నిలవవురా. పలచగా ఉన్న చోటు చూసుకోండి" అన్నాడు. ఇంకా ముందుకు నడిచాక దూరంగా తెల్లటి గీతలా కనపడింది. ఉప్పు కుప్పలనుకున్నాం. గీత కదిలింది. తర్వాత ఒక మూల నుంచి లేచింది. రెక్కలు విప్పగానే లోపలి ఎరుపు బయటపడింది. తెల్ల గీత ఒక్కసారిగా గులాబి రంగయింది. మేము అరవాలనుకున్నాం, నోరు రాలేదు. అవి తల తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదలోని నాచును, చిన్నచిన్న రొయ్యల్లాంటి పురుగులను వడకట్టుకుని తింటాయి. ఆ తిండి వల్లే ఆ రంగు. మన దేశంలో అవి గుజరాత్‌లోని కచ్ ఉప్పు బీళ్లలో గూళ్లు పెడతాయి. పులికాట్‌కు వచ్చేది తిండి కోసమే.

రోడ్డు పక్కన ఒక అవ్వ రొయ్యలు కుప్ప పోసుకుని కూర్చుంది. యానాదుల అవ్వ. మంచినీళ్లు అడిగితే ఇచ్చింది. ఏ ఊరని అడిగితే కర్నూలు పక్కన డోన్ అని చెప్పాం.

"భోగి పూట ఇంట్లో ఉండకుండా ఈడేం పని నాయనా మీకు?" అంది.

ఏ మాట ఎవరూ అడగకూడదని హాస్టల్లో నాలుగు రోజులు తప్పించుకు తిరిగామో, ఆ మాటే ఇక్కడ ఎదురొచ్చింది. మేము నీళ్లు నమిలాం. మూట తెచ్చినవాడే జవాబు చెప్పాడు.

"ఇండ్లకు తాళాలవ్వా. మావాళ్లు మిరపకాయలు కోయను గుంటూరుకు పోయినారు."

అవ్వ ఆశ్చర్యపోలేదు. వాళ్ల అమ్మవాళ్లది దీవి లోపలి ఊరట. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు బయటికి వచ్చారట. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న. అంటే అంతకు ముందటి మాట. "ఇల్లు యాడుందో అడుగుతారు అందరూ. కూడు యాడుందో అడగరు" అంది అవ్వ. నూరు రూపాయల రొయ్యలు కొంటే ఇంకో దోసెడు పైన వేసింది.

అవ్వ దగ్గరినుంచి లేచి కొంత దూరం నడిచాక వాడు అసలు సంగతి చెప్పాడు. వాళ్ల నాయన మేస్త్రీ దగ్గర నలుగురి పేరున అడ్వాన్సు తీసుకున్నాడు. పోయినవాళ్లు ముగ్గురు. నాలుగో మనిషి వీడు. నాయన రమ్మనలేదు. కానీ ఆ లెక్క తెలిశాక వీడికి హాస్టల్లో అన్నం సహించడం లేదు. సూళ్లూరుపేట నుంచి అటే గుంటూరు పోదామని, కాలేజీ మానేద్దామని సామానంతా తెచ్చుకున్నాడు. మాకు ముందే చెబితే బయల్దేరనివ్వమని చెప్పలేదు.

మేము కోప్పడ్డాం. బతిమాలాం. డిగ్రీ రెండో ఏడాది సగంలో ఉందని, స్కాలర్‌షిప్పు పోతుందని, సీటు పోతే మళ్లీ రాదని చెప్పాం. అన్నీ విని, "మీ నాయన తీసుకుని ఉంటే మీరేం చేసేవాళ్లు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఇది దాచకుండా రాయడానికి వాడే ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి అన్న గదిలో రొయ్యలు వండాం. సగం మాడ్చాం. అన్న డ్యూటీ దిగి వచ్చి, మాడిన వాటినే ఇష్టంగా తిన్నాడు. వాడి సంగతి విని తిట్టలేదు. "పోవాలనుంటే పో. కానీ టీసీ అడగొద్దు. మీ అమ్మకు ఒకసారి ముఖం చూపించి, ఆమె ఏం చెబుతుందో విని, అప్పుడు తేల్చుకో" అన్నాడు. అంతే.

మూడో నడక సంక్రాంతి నాటి ఉదయం. తడకు బస్సులో పోయి, అక్కడినుంచి భీములవారిపాలెం పడవల రేవు దాకా పోయాం. తడ దాటితే తమిళనాడే. దూరంగా ఇరకం దీవి కనిపిస్తుందన్నారు. పడవ ఎక్కడానికి డబ్బులు చాలవు. గట్టు మీద కూర్చుని చూశాం. జాలర్ల ఇళ్ల ముందు ముగ్గులు, ముగ్గుల పక్కనే ఆరబెట్టిన చేపలు. ఒక ఇంట్లో వాళ్లు పిలిచి అరిసెలు పెట్టారు. మేము ఎవరో వాళ్లకు తెలియదు. పండగ పూట గట్టు మీద ముగ్గురు పిల్లలు ఖాళీగా కూర్చున్నారు, అది చాలింది వాళ్లకు.

సాయంత్రం నెల్లూరు బస్టాండులో విడిపోయాం. మేమిద్దరం నంద్యాల బస్సు, వాడు గుంటూరు బస్సు. పండగ రోజు కదా, రెండు బస్సులూ సగం ఖాళీ. వాడి బస్సు ముందు కదిలింది. చేయి ఊపాం. డోన్ దాకా మేమిద్దరం వాడి గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. అనుకుంటే ఏడుపొచ్చేది.

హాస్టల్ తెరిచారు. వాడి మంచం ఖాళీ. వార్డెన్ సారు అడిగితే, వాళ్ల అమ్మను చూడ్డానికి పోయాడని మాత్రం చెప్పాం. అది అబద్ధం కాదు.

జనవరి 23న వాడు వచ్చాడు. అదే మూట, అదే ఫైలు. చేతులకు మిరప ఘాటు ఇంకా పోలేదు, కళ్లు నలుపుకోవడానికి భయపడుతున్నాడు. ఎనిమిది రోజులు కోత కోశాడట. ఒక మధ్యాహ్నం చేలో అన్నం తినేటప్పుడు, వాళ్ల అమ్మకు నేలపట్టు ఫొటో చూపించి, వాచరు చెప్పిందంతా చెప్పాడు. నీళ్లుంటే వస్తాయని, లేకపోతే పోతాయని, తల్లీతండ్రీ తిండికి పులికాట్ పోతే పిల్లలు గూట్లో ఉంటాయని. "మనమూ అంతే కదమ్మా" అన్నాడట.

వాళ్ల అమ్మ బడికి పోలేదు. ఫొటోను చాలాసేపు చూసి ఇట్లా అందట.

"పిట్టలకు బడి లేదురా. రెక్కలొస్తే సాలు. నీకు బడుండాది. నాలుగో చెయ్యి సంగతి మేం సూసుకుంటాం, నువ్వు పో."

అడ్వాన్సు లెక్క ఒక్కరోజులో తీరలేదు. ఆ ఏడాది వాళ్లు అందరికంటే ఆలస్యంగా, మే నెలలో ఊరు చేరారు. ఆ మాట కూడా రాయాలి. వాడు చదువుతున్నాడంటే ఎవరో ఒకరు ఎండలో ఇంకో నెల ఎక్కువ వంగి పనిచేశారు కాబట్టే. మా ముగ్గురి విషయంలోనూ అంతే. ఈ హాస్టల్లో చాలామంది విషయంలో అంతే.

జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగిందని పేపర్లో చదివాం. 2001లో మొదలైన ఆ పండగ మధ్యలో కొన్నేళ్లు ఆగి మళ్లీ జరిగింది. మేము చూసిన రోడ్డే ఫొటోలో ఉంది. 29వ తేదీ తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి నూరో రాకెట్ ఎగిరినప్పుడు ముగ్గురం ఒకే ఫోన్‌లో చూశాం. అందరూ రాకెట్ వైపు చూస్తుంటే, ఆ చప్పుడుకు ఫ్లెమింగోలు లేచి ఉంటాయా అని మేము మాట్లాడుకున్నాం.

పోవాలనుకునే తమ్ముళ్ల కోసం నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పోండి. ఎండాకాలం పోతే గూళ్లు ఖాళీగా ఉంటాయి. నేలపట్టుకు దొరవారిసత్రంలో, పులికాట్‌కు సూళ్లూరుపేటలో దిగాలి. పొద్దున్నే నడవండి, ఎండెక్కితే పక్షులు దూరం పోతాయి. ఎర్రచొక్కాలు వేసుకోవద్దు, గూళ్ల దగ్గర అరవొద్దు. శ్రీహరికోట గేటు లోపలికి పాసు లేకుండా పంపరు, వాళ్లతో వాదించొద్దు. స్టూడెంట్ పాసు అంత దూరం పనికిరాదు. రాను పోను చార్జీలు మాకు మనిషికి 1,000 రూపాయలు దాటాయి. తిండికి రోజుకు 150 అయింది. గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్లకు ఇంకా సులువు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. మీ మేడంను అడిగి, నలుగురైదుగురు కలిసి పోండి.

అంత దూరం పోలేకపోతే మీ ఊరి చెరువుకట్ట మీద నడవండి. నీళ్లున్న ఏడాది ఏ పిట్టలొచ్చాయో, నీళ్లు లేని ఏడాది ఏవి రాలేదో రాసి పెట్టుకోండి. మేమిప్పుడు అదే చేస్తున్నాం. మా నోటుబుక్కులో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి.

వచ్చే సంక్రాంతికి ఎవరి ఇంటికైనా తాళం ఉంటే సిగ్గుపడకుండా మా గదికి రండి. బస్సు టైములు రాసిన అన్న కాగితం ఇంకా మా దగ్గరే ఉంది.